ఎనిమిదో మడి

నాకు కోపం ఇంకా తగ్గలేదు. తగ్గాక చెబుదామని ఏడాది ఆగాను. అది తగ్గేలా లేదు, అందుకని ఇప్పుడే చెప్పేస్తున్నాను.

చీపురుపల్లి దాటి నాలుగు మైళ్ళు వస్తే ఫ్యాక్టరీ కాలనీ. దాని వెనక ఆఫీసర్లు గోల్ఫ్ ఆడే మైదానం. మొత్తం తొమ్మిది గుంటలు, ఒక్కో గుంట చుట్టూ పొట్టిగా కత్తిరించిన సన్నగడ్డి. దాన్ని వాళ్ళు గ్రీన్ అంటారు. మేము మడి అంటాం, చూడ్డానికి నారుమడిలా ఉంటుంది కాబట్టి. రోజూ తెల్లారేసరికి ఎనిమిదిమంది ఆడవాళ్ళం ఆ మడుల మీద వరసగా గొంతుక్కూర్చుని, ఆ సన్నగడ్డి కాకుండా ఏది మొలిచినా పీకేస్తాం. తుంగ, ఊద, పిచ్చితోటకూర, ఏదైనా సరే. మేస్త్రి మా అత్త అసిరమ్మ. పదకొండేళ్ళుగా ఆ వరసలో కుడి చివర మనిషిని నేను.

ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను. కర్రతో బంతిని కొట్టుకుంటూ వెళ్ళి గుంటలో వెయ్యాలి. ఎంత తక్కువ దెబ్బల్లో వేస్తే అంత మంచిది. తొమ్మిది గుంటలూ రెండుసార్లు తిరిగి వస్తే ఒక ఆట. నేను ఆ ఆట ఆడతాను. ఈ మాటకి మా ఊళ్ళో నవ్వుతారు. కాలనీలో నవ్వరు, మొహం అటు తిప్పుకుంటారు. రెండింటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

నేర్పింది ప్రసూనాంబ గారు. కాలనీలో ఉండే ఒక ఇంజినీరు గారి తల్లి, విజయనగరంలో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు. పది గంటలకి మా పని అయిపోయాక ఆవిడ కర్రల సంచి మోసేదాన్ని. నాలుగేళ్ళ కిందట ఒకరోజు తోడు ఆడేవాళ్ళు లేక నా చేతికో కర్ర ఇచ్చారు. బంతి లేచి వెళ్ళింది. దాని వెంట నా తల కూడా లేచింది. నాట్లు, కలుపులు, కోతలు, మళ్ళీ ఈ మడులు, పుట్టిన దగ్గర్నుంచీ నేల చూస్తూ పనిచేసినదాన్ని. తలెత్తి దూరంగా చూడాల్సిన పని నాకు అదొక్కటే దొరికింది. అది నాకు కావాలి. ఇంకేమీ అడగలేదు నేను.

ఆ కార్తీకమాసంలో క్లబ్బు గోడకి ఒక కాగితం అంటించారు. టీచరమ్మ చదివి చెప్పారు. శివరాత్రికి ముందొచ్చే ఆదివారం పోటీ. కాలనీలో ఉండేవాళ్ళూ, పనిచేసేవాళ్ళూ ఎవరైనా ఆడవచ్చు. తొంభై దెబ్బల లోపు ఆట ముగించినవాళ్ళకి మెంబరు కార్డు ఇస్తారు. కార్డు ఉంటే ఏ రోజైనా వచ్చి ఆడుకోవచ్చు.

"ఉగాది తర్వాత మేం ఉండం కుమారీ. అబ్బాయికి ఒడిశా వైపు బదిలీ అయింది" అన్నారు టీచరమ్మ ఆ వెంటనే.

ఆవిడ వెంట తెచ్చుకున్న అతిథిగా తప్ప ఆ మైదానంలో కర్ర పట్టే హక్కు నాకు లేదు. ఆవిడ వెళ్ళిపోతే నా చేతికి మిగిలేది కలుపు కత్తి ఒక్కటే. కాబట్టి ఆ ఆదివారం తొంభై లోపు ఆడాలి. అప్పటికి నా లెక్క నూటనాలుగు.

పేరు రాయించడానికి ఇద్దరం క్లబ్బు సెక్రటరీ శ్రీనాథ్ గారి దగ్గరికి వెళ్ళాం. ఆయన కుర్చీలోంచి నన్ను కింద నుంచి పైదాకా చూశారు. నేను పనిమీద వచ్చిన దుస్తుల్లోనే ఉన్నాను, చీర మీద మా ఆయన పాత చొక్కా.

"ఈవిడ మన వర్కర్ కదండీ" అన్నారు టీచరమ్మతో, నేను అక్కడ లేనట్టు.

"పనిచేసేవాళ్ళు ఎవరైనా అని మీరే రాశారు కదా" అన్నారు టీచరమ్మ.

"అంటే స్టాఫ్ అని నా ఉద్దేశం. సరే, మీరు చెబితే కాదంటానా. కానీ డ్రెస్ రూల్స్ ఉంటాయి. కాలరున్న చొక్కా వేసుకోవాలి, బూట్లు తప్పనిసరి."

"కాలరున్నాది సార్" అని నేను చొక్కా కాలరు పట్టుకుని చూపించాను. "మా ఎనిమిదిమందికీ ఉన్నాయి."

ఆయన నవ్వి పేరు రాసుకున్నారు. నేను నూటఇరవై కొడతానని, అందరూ కాసేపు నవ్వుకోవచ్చని అనుకుని ఉంటారు. ఆ నవ్వు చూసినప్పుడే నాకు పంతం పట్టింది.

సాధన మా పొలంలో చేశాను. ఎకరన్నర వరి కోసేశాం, పనలు కుప్ప వేశాం, మడంతా దుబ్బులు. మధ్యాహ్నం గంజి తాగి, టీచరమ్మ ఇచ్చిన పాత కర్ర పట్టుకుని వెళ్ళిపోయేదాన్ని. బంతి దుబ్బుల్లో ఇరుక్కునేది. కొడితే మట్టి లేచేది గానీ బంతి కదిలేది కాదు. ఒక ఆదివారం టీచరమ్మే ఆటో ఎక్కి పొలానికి వచ్చారు. నాలుగు దెబ్బలు చూసి, గట్టు మీద కూర్చుండిపోయారు.

"నువ్వు బంతిని కొట్టడం లేదు కుమారీ, నూరుస్తున్నావు. వరిపన ఎత్తినట్టు నెత్తిమీదికెత్తి నేలకేసి బాదుతున్నావు."

నిజమే. పన్నెండో ఏట నుంచి కళ్ళంలో పనలు కొట్టినదాన్ని. చేతిలోకి ఏ కర్ర వచ్చినా భుజాలు ఆ పనే చేస్తాయి.

"మరెలగ తిప్పమంటారు టీచరమ్మా?"

"కోత ఎలా కోస్తావు?"

నేను వంగి కొడవలి పట్టినట్టు చేయి తిప్పాను. కింద నుంచి, అడ్డంగా, నేల తగలకుండా.

"అదీ. అంతే తిప్పు."

చెప్పడం తేలిక. మర్నాటి నుంచి నా భుజాలతో నాకు యుద్ధం. పది దెబ్బల్లో మూడు కోత, ఏడు నూర్పు. దుబ్బుల్లో కుదరడం లేదని, నున్నగా ఉంటుంది కదా అని, ఒకరోజు కళ్ళంలో నిలబడ్డాను. నూర్పుకని మా అత్త పేడతో అలికి, ముగ్గేసి, పసుపు కుంకుమ పెట్టిన కళ్ళం. చెప్పులు బయటే విప్పాను, అంత బుద్ధి ఉంది. మొదటి దెబ్బ కోత అయింది. రెండోది నూర్పు అయింది. అరచేయి అంత పెళ్ళ లేచి అవతల పడింది.

ఎప్పుడొచ్చాడో మా ఆయన దేవేంద్ర వెనకే ఉన్నాడు.

"కళ్ళంలో గొయ్యి తీసినావా?" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

"అలికేస్తాను మావా."

"గింజ పడేసోట ఇనుప కర్రతో గొయ్యి తీసినావు. నీకు బుద్ధేటైపోనాదే?" అని కర్ర లాక్కుని గడ్డివాము మీదికి విసిరాడు. నేను వాము ఎక్కి తెచ్చుకున్నాను. ఆయన మళ్ళీ లాక్కోబోయాడు. నేను వదల్లేదు. ఇద్దరం చెరో కొస పట్టుకుని నిలబడ్డాం, అవతల గట్టు మీద జనం నిలబడి చూస్తున్నారు. ఆఖరికి ఆయనే వదిలేశాడు. మా అత్త వచ్చింది, గొయ్యి చూసింది, నన్ను చూసింది.

"ఎనిమిది మంది చేత మడి ఒక్క మచ్చ నేకండా పనిసేయించే మేస్త్రిని నాను. నా కళ్ళం సూడు. ఊళ్ళో నా మొకమెలగ ఎత్తుకోమంటావు?"

కళ్ళం నేనే పూడ్చి అలికాను. మూడు రోజులు ఆ ఇంట్లో నాతో ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడకపోతే మానేశారు, అన్నం వండి పెట్టి కర్ర తీసుకుని వెళ్ళిపోయాను. అవతల పడ్డ ఆ పెళ్ళ మాత్రం కళ్ళ ముందు నుంచి పోలేదు. కర్ర ఎత్తినప్పుడల్లా అది కనిపించేది, చేయి దానంతట అదే అడ్డంగా తిరిగేది. సంక్రాంతి నెలకి నా లెక్క తొంభై ఏడుకి దిగింది.

అప్పుడు బూట్లు వచ్చాయి. తెచ్చింది దేవేంద్రే. చీపురుపల్లి సంతకి వెళ్ళినవాడు సంచిలోంచి తీసి గుమ్మం దగ్గర పెట్టాడు. నా కాలికి ఒక అంగుళం ఎక్కువ.

"ఏటివి?" అన్నాను.

"కళ్ళు నేవా? బూట్లు. ఆ సారు ఏయమన్నాడంట కదా, మీ వరసలో తవిటమ్మ సెప్పినాది. ముందు గుడ్డ కుక్కుకో."

ఖాళీ సంచి దులుపుకుని లోపలికి వెళ్ళిపోయాడు. ఎందుకు తెచ్చావని నేను అడగలేదు. అడిగితే ఏడుపొచ్చేలా ఉంది, ఏడవడం నాకు పడదు.

కానీ ఆ బూట్లు నా ప్రాణం తీశాయి. మడి మీద బంతిని గుంటలోకి దొర్లించేటప్పుడు నేల ఎటు వాలుందో తెలియాలి. ఆఫీసర్లు వంగి, ఒక కన్ను మూసి, నానా అవస్థా పడి చూస్తారు. నాకు ఆ బాధ ఎప్పుడూ లేదు. నిలబడితే అరికాలు చెప్పేసేది. టీచరమ్మతో ఆడేటప్పుడు చెప్పులు విప్పేసి నిలబడేదాన్ని. బూట్లు వేసుకున్నాక అరికాళ్ళు మూగబోయాయి. ఎటు కొట్టినా బంతి ఇంకెటో పోయేది. మళ్ళీ తొంభై తొమ్మిది. అంత కోపం వచ్చింది, ఆ బూట్లు తీసి చెరువులోకి విసిరేద్దామనుకున్నాను. తెచ్చిన మనిషి గుర్తొచ్చి విసరలేదు.

దానికి మందు మా పనిలోనే దొరికింది. పొద్దున్న కలుపు తీసేటప్పుడు మేమంతా ఉత్త కాళ్ళతోనే ఉంటాం. ఒక్కో మడి మీద జరుగుతూ జరుగుతూ, ఇక్కడ గుంటకేసి వాలు, ఇక్కడ ఎడమకి వాలు, అని కాళ్ళతో చదివి గుర్తు పెట్టుకోవడం మొదలుపెట్టాను. పదకొండేళ్ళుగా తొక్కుతున్న నేలే గానీ, తలకెక్కించుకున్నది మాత్రం అప్పుడే. మా అత్త కనిపెట్టేసింది.

"ఒసే, సేతుల్తో పీకమంటే కాళ్ళతో ఏటి రాస్తన్నావు?"

"ఏటీ నేదత్తా."

"పనేళ పని. ఆటేళ ఆట. రెండూ ఒకసోట ఎట్టకు" అంది. ఆ మాట ఆవిడ మామూలుగానే అంది. తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది నాకు.

మాఘమాసం వచ్చేసరికి తొంభై మూడు, తొంభై ఒకటి, ఒకసారి సరిగ్గా తొంభై. తొంభై లోపు మాత్రం ఒక్కసారీ రాలేదు.

పోటీ రోజు ఎండ పెద్దగా లేదు. షామియానా వేశారు, టీ ఫ్లాస్కులు పెట్టారు. చీర బిగించి కట్టి, మీద మా ఆయన పెళ్ళినాటి చొక్కా ఇస్త్రీ చేసి వేసుకున్నాను. బూట్లలో గుడ్డలు కుక్కాను. నా దెబ్బలు రాయడానికి టీచరమ్మ, ఆవిడ దెబ్బలు రాయడానికి నేను. అదీ అక్కడి పద్ధతి, ఒకళ్ళ చీటీ ఒకళ్ళు రాయాలి.

ఎలా ఆడానో నాకు తెలుసు, ఇంకొకరు చెప్పక్కర్లేదు. కోత తప్ప నూర్పు లేదు ఆ రోజు నా చేతుల్లో. మొదటి తొమ్మిది గుంటలు నలభై ఐదులో అయిపోయాయి. రెండోసారి తిరగడం మొదలయ్యాక షామియానా కింద కూర్చున్నవాళ్ళు కొందరు లేచి వచ్చి మా వెనక నడిచారు. అలా నడుస్తూ నడుస్తూ ఎనిమిదో మడికి వచ్చాం. ఇంకొకటే గుంట మిగిలింది.

బంతి మడి మీదే పడింది, గుంటకి రెండు బారల దూరంలో. ఇది పడి, ఆఖరి గుంట అయిదు దెబ్బల్లో చేస్తే ఎనభై తొమ్మిది. వాలు నాకు తెలుసు. అయినా అందరిలాగే ఒకసారి చూద్దామని బంతి వెనక గొంతుక్కూర్చున్నాను.

అదే నేను చేసిన తప్పు. ఆ మడి మీద అలా కూర్చున్న మరుక్షణం నా చేతికి అది పనివేళ అయిపోయింది. బంతికీ గుంటకీ మధ్య రెండాకుల తుంగ ఒకటి తలెత్తి ఉంది. అది కళ్ళకి కనిపించడం, ముందుకి జరిగి చెయ్యి దాన్ని లాగెయ్యడం ఒక్కసారే జరిగిపోయాయి. నేను లేచి నిలబడేసరికి అది నా వేళ్ళ మధ్య ఉంది. పీకింది మడి మీద పారెయ్యకూడదన్నది మా అత్త నేర్పిన పద్ధతి. చెయ్యి ఆ పద్ధతి కూడా తప్పలేదు, తుంగని తీసుకెళ్ళి రొంటిన దోపింది.

అప్పుడు తెలిసింది నాకు ఏం చేశానో. టీచరమ్మ మొదటి ఏడాదే చెప్పారు. బంతి దారిలో మొలిచి ఉన్నదాన్ని దేన్నీ పీకకూడదు. పీకితే రెండు దెబ్బలు అదనం.

చుట్టూ చూశాను. వెనక నడుస్తున్నవాళ్ళు దూరంగా మాట్లాడుకుంటున్నారు. టీచరమ్మ తన బంతి దగ్గర నిలబడి దానికేసే చూస్తున్నారు. నేను నా బంతిని కొట్టాను. తిన్నగా పోయి గుంటలో పడింది, ఆ తుంగ ఉన్నచోటి మీదుగానే.

ఆఖరి గుంట ఎలా ఆడానో చెప్పలేను. రొంటిన ఆ తుంగ గుచ్చుకుంటూనే ఉంది. పదకొండేళ్ళుగా లక్షసార్లు పీకినదాన్ని, ఇదొకటి ఎక్కువైందా అనుకున్నాను. ఎవరూ చూడలేదనుకున్నాను. రెండు కలిపితే తొంభై ఒకటి అనుకున్నాను. అయిదు దెబ్బల్లో ముగించాను.

షామియానాలో శ్రీనాథ్ గారు చీటీ తీసుకుని చూశారు. మళ్ళీ చూశారు.

"ఎనభై తొమ్మిదా? టీచర్ గారూ, అన్నీ సరిగ్గా రాశారా?"

"రాశాను" అన్నారు టీచరమ్మ.

"అది కాదండీ. మీరు పెద్దవారు, వెనకబడి నడుస్తారు. ఈ వర్కర్ల సంగతి మీకు తెలీదు, చేతులు ఊరికే ఉండవు వీళ్ళకి. బంతి కాస్త అటూ ఇటూ జరిపేస్తే ఎవరు చూస్తారు?" ఆయన నవ్వుతూనే అన్నారు. పక్కనున్నవాళ్ళు కూడా నవ్వారు.

ఆ క్షణం దాకా చెప్పాలా వద్దా అన్నది నాకు తేలలేదు. నిజం చెబుతున్నాను, మంచితనంతో చెప్పలేదు నేను. ఆ నవ్వుకి ఒళ్ళంతా భగ్గుమంది. రొంటిన ఉన్నది తీసి ఆయన చీటీల మీద పడేశాను.

"బంతి జరపనేదు సార్. ఎనిమిదో మడిలో ఇది పీకినాను. రెండు దెబ్బలు రాసుకోండి."

ఆయన తుంగకేసి వెర్రిగా చూశారు. "ఏంటిది? దీనికి దెబ్బలెందుకు?"

ఆయనకి రూలు తెలియదు. సెక్రటరీ గారికి తెలియదు. టీచరమ్మ చెబితే ఫోన్ తీసి చాలాసేపు వెతుక్కుని చదువుకున్నారు. తర్వాత పెన్ను తీసి ఎనభై తొమ్మిది కొట్టేసి తొంభై ఒకటి రాశారు.

"రూల్ రూలే కదమ్మా, నేనేం చెయ్యను" అన్నారు.

"పదకొండేళ్ళు పీకినాను సార్. అప్పుడెవులూ రాసుకోనేదు."

నేను కర్రలు సంచిలో పెట్టుకుని బయల్దేరుతుంటే ఆయన వెనక నుంచి పిలిచారు.

"కుమారీ, రేపు ఆ ఎనిమిదో గ్రీన్ ఇంకోసారి గట్టిగా చూడమని మీ అత్తకి చెప్పు. ఇంకా తుంగ కనిపిస్తోంది."

టీచరమ్మ గేటు దాకా నాతో నడిచారు. "నేను చూశాను కుమారీ. నువ్వు పీకడం. చూడనట్టు ఉండిపోదామనుకున్నాను" అన్నారు.

ఆవిడ నా మేలు కోరే అలా అన్నారు. అయినా ఆవిడ మీద కూడా కోపం వచ్చింది నాకు. "వాళ్ళు దొంగ అన్నారు. మీరు దొంగని కాసేద్దామనుకున్నారు. నేను బాగా ఆడినానని మాత్రం ఒక్కలూ అననేదు" అన్నాను. ఆవిడ ఆగిపోయారు. నేను ఆగలేదు.

ఇంటికొచ్చేసరికి దేవేంద్ర వీధిలోనే నిలబడి ఉన్నాడు. సంగతి అప్పటికే ఊళ్ళోకి వచ్చేసింది.

"రొంటినున్నది రొంటినే ఉంచీనేకపోనావా? ఎవులడిగినారు నిన్ను?"

"దొంగంటే ఊరుకోమంటావా?"

"అన్నీమను. ఆడంటే ఏటైపోద్ది? కార్డు సేతికొచ్చీసేది కదే. మూడు నెలల్నుంచి సస్తన్నావు దానికోసం, మమ్మల్నీ సంపుతన్నావు." ఆయన నా కాళ్ళకున్న బూట్లకేసి చూశాడు. అప్పుడర్థమైంది నాకు, కార్డు కోసం ఎదురుచూసింది నేనొక్కదాన్నే కాదని. దాంతో కోపం ఇంకా ఎక్కువైంది. బూట్లు విప్పి గోడకేసి కొట్టాను.

మా అత్త అరుగు మీద అడ్డపొగ వేసుకుని కూర్చుంది, చుట్ట నిప్పు నోట్లోపలికి పెట్టుకుని. ఇదంతా వింటోంది. పొగ వదిలి ఒక్క మాట అడిగింది.

"తుంగ దుంపతో వచ్చినాదా?"

"నేదు."

"దుంపుండిపోతే మళ్ళీ లేస్తాది. ఇంకేటన్నాడు ఆ సారు?"

చెప్పాను. ఎనిమిదో మడి గట్టిగా చూడమన్నాడని, ఇంకా తుంగ ఉందన్నాడని. ఆవిడ చుట్ట తీసి నిప్పు నేలకి రాసి ఆర్పేసింది. సగం చుట్ట ఆవిడ అలా ఆర్పడం నేను ఎప్పుడూ చూడలేదు.

మర్నాడు తెల్లారి మైదానానికి వెళ్ళాక, రోజూలా మొదటి మడి దగ్గర ఆగలేదు మా అత్త. నేరుగా ఎనిమిదో మడికి నడిచింది. మేము వెనక నడిచాం. అంచున నిలబడి చూస్తే, ముందురోజు నేను పీకినచోటికి జానెడు దూరంలో మరొకటి లేచి ఉంది. దానికి కాస్త అవతల ఇంకో రెండు.

"కూసోండి" అంది మా అత్త. అందరం వరసలో కూర్చున్నాం. "కత్తులు తియ్యకండి."

"ఏటే అసిరమ్మా?" అంది తవిటమ్మ.

"మొలిసింది పీకితే రెండు దెబ్బలంట. మీరు ఎనిమిదిమందున్నారు. ఆ సారొచ్చి మన లెక్కేటో తేల్సినాక పీకుదాం."

తవిటమ్మ నావైపు చూసింది. తర్వాత కత్తి బొడ్లో దోపేసుకుంది. మిగతావాళ్ళూ దోపేసుకున్నారు. ఆ మూడు నెలలూ నన్ను ఆఫీసరమ్మా అని వెక్కిరించినవాళ్ళే ఆ ఏడుగురూ.

ఏడు దాటాక శ్రీనాథ్ గారు స్కూటీ మీద వచ్చారు. చేతులు కట్టుకుని కూర్చున్న ఎనిమిదిమందినీ చూసి, స్కూటీ దిగకుండానే అరిచారు. మా అత్త లేవకుండానే రూలు సంగతి చెప్పింది.

"అది ఆడేవాళ్ళకి అసిరమ్మా. మీరు పనివాళ్ళు, మీకేం సంబంధం?"

"అదే అడుగుతన్నాను బాబూ. నిన్న నా కోడలు ఇక్కడ కూలిదా, ఆటగత్తా?"

ఆయన స్కూటీ దిగి స్టాండు వేశారు.

"కూలిదైతే దాని పని అది సేసినాది. ఆ రెండు దెబ్బలూ తీసీండి. ఆటగత్తైతే తప్పు ఒప్పుకున్నాది, దెబ్బలు పడ్డాయి, బాగున్నాది. మీ ఆఫీసర్లు ఓడిపోతే ఏటి సేస్తారు, మళ్ళీ వొచ్చి ఆడరా? దాన్నీ ఇంకోపాలి ఆడనియ్యండి. ఏదో ఒకటి సెప్పండి. అందాకా ఇక్కడ మొలిసిందేదీ పీకం."

"నేను అడిగి చెప్పాలి" అంటూ ఆయన ఫోన్ పట్టుకుని దూరంగా వెళ్ళారు.

అడిగి చెప్పడానికి ఆయనకి పదకొండు రోజులు పట్టింది. అప్పటికి ఆ మడిలో తుంగ వేలెడు పొడుగు లేచింది. ఉగాది ముందు ఆదివారం ఆడనిచ్చారు. ఎనభై ఏడు కొట్టాను, కార్డు ఇచ్చారు. ఈ ఏడాది పెసలు చల్లినప్పుడు మా ఆయన గట్టు వారన ఒక పట్టీ ఖాళీగా వదిలేశాడు, ఎందుకని ఎవరడిగినా చెప్పడు. టీచరమ్మ ఒడిశా నుంచి ఫోన్ చేస్తారు, నేను మాట్లాడతాను. అందరికీ అన్నీ బాగానే ఉన్నాయి. కానీ ఒక ఆట ఆడుకోడానికి అంతమంది అంత చెయ్యాల్సి వచ్చింది, అది తల్చుకుంటే నాకు ఇప్పటికీ అన్నం సయించదు.

ఆ మొదటి ఉదయం మాత్రం మరచిపోలేను. శ్రీనాథ్ గారు చెట్టు కింద ఫోన్‌లో ఎవరితోనో గొణుగుతున్నారు. మా అత్త అడ్డపొగ వెలిగించింది. ఎండ వచ్చి మడి మీద పడింది. ఆ తుంగ మొక్క నా మోకాలికి మూరెడు దూరంలో నిగనిగలాడుతూ నిలబడి ఉంది. ఏడుగురూ చేతులు కట్టుకుని హాయిగానే కూర్చున్నారు. నా కుడి చెయ్యి ఊరుకోలేదు. రెండుసార్లు లేచింది, రెండుసార్లు లాక్కున్నాను. ఆఖరికి దాన్ని తొడ కింద పెట్టుకుని, దాని మీద నా బరువంతా వేసి కూర్చున్నాను.